కంప్యూటర్ పనంతా నాది, జీతం మాత్రం పక్క సీటుది. ఇది ఎట్లా అర్థం చేసుకోవాలి?

ఆపరేటర్_కరీంనగర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని, ఔట్‌సోర్సింగ్. బీకాం కంప్యూటర్స్ చదివాను, వయసు 26.

మా సెక్షన్‌లో ఒక సీనియర్ అసిస్టెంట్, ఒక జూనియర్ అసిస్టెంట్, నేను. తపాలు రాగానే స్కాన్ చేసేది నేను, ఈ-ఆఫీసులో ఫైలు తెరిచేది నేను, నోట్ ఫైలు టైపు చేసేది నేను, వాళ్ళ లాగిన్‌లోకి వెళ్ళి పైకి పంపేది కూడా నేనే. వాళ్ళ పాస్‌వర్డులు నా మానిటర్ కింద చీటీ మీద రాసి అంటించి ఉంటాయి. నెలాఖరున జీతాల బిల్లులు పెట్టేటప్పుడైతే సూపరింటెండెంట్ గారు కూడా కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కనే కూర్చుంటారు, నేను లేచి టీకి వెళ్తే ఆఫీసు ఆగిపోతుంది.

ఇప్పుడు జీతం సంగతి. జూనియర్ అసిస్టెంట్‌కి బేసిక్ 24,280తో మొదలు, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ఏటా ఇంక్రిమెంట్. నాకు ఔట్‌సోర్సింగ్ వాళ్ళ జీతాల జీవో 60 ప్రకారం 19,500, ఇక దాని మీద ఏమీ లేదు. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికి పదిహేడు వేల చిల్లర, అదీ ఏజెన్సీ బిల్లు పాసైనప్పుడు. ఇంటర్ నుంచి వింటున్నాం కదా, కంప్యూటర్ నేర్చుకుంటే జీతం బాగుంటుందని, అందుకే డీసీఏ చేశాను, పీజీడీసీఏ చేశాను, టైపింగ్ కూడా నేర్చుకున్నాను. మరి కంప్యూటర్ ముట్టనివాళ్ళకి ఎక్కువ, రోజంతా దాని ముందు కూర్చునేవాడికి తక్కువ ఎందుకు?

పైగా ఇప్పుడు కొత్త టెన్షన్. తపాలు కూడా నేరుగా ఆన్‌లైన్‌లోనే వస్తే స్కానింగ్ అవసరం ఉండదు, ఇద్దరు ఆపరేటర్లు చాలు అని మాటలు వినపడుతున్నాయి, మేం ఐదుగురం ఉన్నాం. అసలు ఆఫీసుల్లోకి కంప్యూటర్ వస్తే ఉద్యోగాలు పెరుగుతాయా తగ్గుతాయా, జీతాలు పెరుగుతాయా తగ్గుతాయా? నేను బ్యాంకు క్లర్క్ పరీక్ష రాయాలా, ట్యాలీ, జీఎస్టీ నేర్చుకుని ప్రైవేటుకి పోవాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

---

పాత_లెడ్జర్

బాబూ, నేను బ్యాంకులో క్లర్కుగా చేరింది 1981లో, తెనాలి దగ్గర ఒక బ్రాంచి. నీ ప్రశ్న మేము నలభై ఏళ్ళ కిందట రోడ్డెక్కి అడిగిన ప్రశ్నే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపికగా చదువు.

అప్పట్లో ఎస్‌బీ లెడ్జర్లు, అంటే పొదుపు ఖాతాల లెక్కల పుస్తకాలు ఉండేవి, ఒక్కొక్కటి రెండు చేతులతో ఎత్తాలి. ఖాతాకి ఒక ఫోలియో, అంటే పేజీ. వోచరు వస్తే లెడ్జర్ కీపర్ అందులో పోస్ట్ చేస్తాడు, ఆఫీసరు చూసి ఇనీషియల్ వేస్తాడు, ఆ తర్వాత కేష్ కౌంటర్లో టోకెన్ నంబరు పిలుస్తారు. సాయంత్రం డే బుక్ రాయాలి. నెలకోసారి లెడ్జర్లన్నీ కూడి జనరల్ లెడ్జర్‌తో సరిచూడాలి, పద్దెనిమిది రూపాయలు తేడా వచ్చినా ఇంటికి పోవడానికి లేదు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే ఎక్కడో 64ని 46 అని రాశారని పసిగట్టేవాళ్ళం, అది వెతకడానికి రాత్రి పది. జూన్, డిసెంబరులో వడ్డీ లెక్కలు. వడ్డీ కూడా రోజువారీ నిల్వ మీద కాదు, ప్రతి నెలా పదో తారీఖు నుంచి ఆఖరి రోజు వరకు ఖాతాలో ఎంత తక్కువ ఉందో చూసి దాని మీదే వేసేవాళ్ళం. ఎందుకంటే చేత్తో వేల ఖాతాలకి రోజువారీ వడ్డీ కట్టడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఆ పద్ధతి ఎప్పటిదాకా నడిచిందో తెలుసా, 2010 మార్చి దాకా! ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ ఇమ్మని రిజర్వు బ్యాంకు చెప్పింది, అప్పటికి బ్రాంచిలన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి కాబట్టి చెప్పగలిగింది. కంప్యూటర్ వల్ల ఖాతాదారుకి నికరంగా నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చిన సందర్భం ఇది, దీన్ని ఎవరూ తలుచుకోరు.

ఇక ఉద్యోగాల సంగతి. అంతకుముందే 1960ల్లో కలకత్తాలో ఎల్‌ఐసీ ఉద్యోగులు కంప్యూటర్ పెట్టనివ్వం అని అడ్డుకున్నారు. మా బ్యాంకుల్లో 1983 సెప్టెంబరులో బ్యాంకుల సంఘానికీ యూనియన్లకీ మధ్య ఒప్పందం జరిగింది, మెషిన్లు ఎంతవరకు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది అందులోనే ఉంది. మరుసటి ఏడు రంగరాజన్ కమిటీ రిపోర్టు వచ్చింది, అప్పుడాయన రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు, తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నరుగా కూడా వచ్చారు. ఆ తర్వాతే ఏఎల్‌పీఎం అని లెడ్జర్ పోస్టింగ్ మెషిన్లు దిగాయి. ఎర్ర బ్యాడ్జీలు పెట్టుకుని డౌన్ డౌన్ అని అరిచినవాళ్ళమే, ఆ మెషిన్ మీద కూర్చుంటే స్పెషల్ అలవెన్సు అనేసరికి సీనియారిటీ లిస్టు పట్టుకుని మేనేజరు గది ముందు నిలబడ్డాం. నవ్వుకో పర్లేదు, మేమూ నవ్వుకున్నాం.

1993లో ఇంకో ఒప్పందం, దాంతో గేట్లు బాగా తెరుచుకున్నాయి. 2000-01లో వీఆర్‌ఎస్, అంటే ఇష్టపడి ముందే రిటైరయ్యే పథకం. పదిహేనేళ్ళ సర్వీసు గానీ నలభై ఏళ్ళ వయసు గానీ ఉంటే చాలు, ఏడాది సర్వీసుకి అరవై రోజుల జీతం లెక్కన, లేదా మిగిలిన సర్వీసుకి వచ్చే జీతం, రెంటిలో ఏది తక్కువైతే అది. ప్రభుత్వ బ్యాంకుల్లో దరిదాపు లక్ష మంది వెళ్ళిపోయారు. మా బ్రాంచిలో అందరికంటే వేగంగా కూడికలు వేసేవాడు మొట్టమొదట సంతకం పెట్టాడు, "ఇక్కడ ఇక నా పనేముంది" అన్నాడు. నేను పెట్టలేదు, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి.

ఇక్కడ నువ్వు గమనించాల్సింది ఒకటి ఉంది. ఈ మొత్తం గొడవలో ఉన్నవాళ్ళలో ఒక్కరి జీతం కూడా తగ్గలేదు, ఒక్కర్ని కూడా మెషిన్ వచ్చిందని తీసేయలేదు. మెషిన్ రాకముందే కాగితం మీద సంతకాలు అయ్యాయి. దెబ్బ తగిలింది బయట ఉన్నవాళ్ళకి. వీఆర్‌ఎస్ తర్వాత చాలా ఏళ్ళు క్లర్కుల నియామకాలు దాదాపు లేవు, బ్యాంకులన్నిటి క్లర్కు ఉద్యోగాలకి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష 2011లో మొదలైంది, ఆ మధ్యలో డిగ్రీ పాసై వయసు దాటిపోయిన పిల్లలు ఎంతమందో. వాళ్ళు ధర్నా చేయలేదు, ఎందుకంటే తమ ఉద్యోగం పోయిందని వాళ్ళకి తెలియదు.

---

టైపు_హయ్యర్

బాబాయ్ గారు బ్యాంకు కథ చెప్పారు, నేను ఆఫీసు కథ చెప్తాను. నాది టైపిస్టు పోస్టు, ఇంగ్లీషు, తెలుగు టైపు పరీక్షలు రెండూ హయ్యర్ స్థాయిలో పాసయ్యాను. మా ఊళ్ళో ఇన్‌స్టిట్యూట్‌లో తెల్లవారి ఆరింటి బ్యాచి నుంచి రాత్రి ఎనిమిది దాకా మెషిన్లు ఖాళీగా ఉండేవి కావు. ఆడపిల్లకి టైపు వస్తే ఏదో ఒక ఆఫీసులో సీటు ఖాయం అనుకునే రోజులు.

అప్పుడు ఒక మెమో పోవాలంటే అసిస్టెంటు డ్రాఫ్టు రాస్తాడు, ఆఫీసరు దిద్దుతాడు, అది నా దగ్గరికొస్తుంది, నేను ఫెయిర్ కాపీ కొడతాను, మళ్ళీ సంతకానికి పోతుంది. మండలాలన్నిటికీ పోవాలంటే స్టెన్సిల్ కట్ చేసి సైక్లోస్టైల్ తీయాలి. స్టెన్సిల్లో తప్పు పడితే ఎర్రటి కరెక్షన్ ద్రవం పూసి ఆరేదాకా ఊదుకుంటూ కూర్చోవాలి. అందుకే డ్రాఫ్టులో రెండో మార్పు చెప్పడానికి ఆఫీసరు కూడా జంకేవాడు, "అమ్మా, ఏమనుకోకు" అని బతిమాలి ఇచ్చేవాడు. కంప్యూటర్ వచ్చాక ఆ భయం పోయింది. ఇప్పుడు ఒక్క లెటరు పది సార్లు మారుస్తారు, కామా తీసేయ్, ఫాంటు పెంచు, ఆ పేరా పైకి జరుపు. పని తగ్గుతుందన్నారు గానీ నాకు ఏ రోజూ తగ్గలేదు.

తగ్గింది నా పోస్టు విలువ. కుర్రాళ్ళంతా టైపింగ్ చేసుకుంటూ వచ్చేసరికి టైపిస్టు ప్రత్యేకం ఏముంది అన్నారు, నాతోపాటు ఉన్నవాళ్ళు రిటైరయ్యాక ఆ ఖాళీలు నింపలేదు, ఆ పని ఆపరేటర్ పేరుతో ఏజెన్సీకి పోయింది. పని మాత్రం అక్కడే ఉంది, తమ్ముడూ, అదే గదిలో, అదే కుర్చీలో, దాని మీద నువ్వు కూర్చున్నావు. స్కేలు లేదు, అంతే.

నీకు ఇంకో ఉదాహరణ చెప్పనా. తెలంగాణలో 2020లో వీఆర్వో పోస్టులే రద్దు చేశారు, ఐదు వేల పైచిలుకు మంది. ధరణి అని భూముల పోర్టల్ వచ్చింది, రికార్డు కంప్యూటర్లో ఉంది, ఇక ఊరికొక వీఆర్వో ఎందుకన్నారు (అసలు కారణం అవినీతి అన్నారు, ఆ చర్చ ఇక్కడ వద్దు). వాళ్ళ జీతాలు ఆగాయా? రెండేళ్ళు అటూ ఇటూ తిప్పినా 2022లో లాటరీ తీసి వేరే శాఖల్లో సర్దారు. మళ్ళీ 2025లో గ్రామ పాలన అధికారులని కొత్త పేరుతో కొందరు వెనక్కి వచ్చారు కూడా. పోస్టే లేనివాడికి జీతం ఆగలేదు, పనంతా చేసేవాడికి జీతం పెరగలేదు. ఇందులో కంప్యూటర్ తప్పు ఎంత, చెప్పండి.

---

గుడ్‌మార్నింగ్_గుంటూరు

ఇవన్నీ పాత కథలు సార్. ఇప్పుడు ఏఐ వచ్చింది, నోట్ ఫైలు అదే రాస్తుంది, ఆపరేటరూ ఉండడు, అసిస్టెంటూ ఉండడు. తమ్ముడూ, ఒక టీ స్టాల్ చూసుకో.

---

పాత_లెడ్జర్

గుంటూరు గారూ, 1984లో మా యూనియన్ మీటింగులో ఒకాయన అచ్చం ఇలాగే చెప్పాడు. ఆయనే బ్రాంచి మేనేజరుగా రిటైరయ్యాడు.

---

ఎకనామిక్స్_మాస్టారు

డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తాను, నా వంతు కాస్త పుస్తకాల సంగతి. "కంప్యూటర్ నేర్చుకుంటే జీతం పెరుగుతుంది" అన్న మాటకి మూలం ఉంది. అమెరికాలో అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త 1984, 1989 సంవత్సరాల సర్వేలు తీసుకుని 1993లో ఒక పరిశోధన అచ్చు వేశాడు. ఆఫీసులో కంప్యూటర్ వాడేవాళ్ళ జీతం, వాడనివాళ్ళ కంటే దాదాపు 10 నుంచి 15 శాతం ఎక్కువ ఉందని తేలింది. చదువు, అనుభవం లాంటివి లెక్కలోంచి తీసేసిన తర్వాత కూడా. ఇక చూడండి, వీధి వీధికీ కంప్యూటర్ సెంటర్లు.

నాలుగేళ్ళకి, 1997లో, డినార్డో, పిష్కే అనే ఇద్దరు జర్మనీ లెక్కలు తీశారు. కంప్యూటర్ వాడేవాళ్ళకి జీతం ఎక్కువ, నిజమే. అదే లెక్కలో పెన్సిలు వాడేవాళ్ళకి కూడా ఎక్కువే ఉంది! కూర్చుని పనిచేసేవాళ్ళకీ ఎక్కువే. పెన్సిలు చేతికిస్తే జీతం పెరుగుతుందా? పెరగదు. జీతం ఎక్కువున్న కుర్చీల ముందు పెన్సిళ్ళూ ఉన్నాయి, కంప్యూటర్లూ వచ్చాయి, అంతే. ఈ పరిశోధన గురించి మన కంప్యూటర్ సెంటర్ల బోర్డుల మీద ఎవరూ రాయలేదు మరి.

రెండో విషయం, ఉద్యోగాల సంఖ్య. 2003లో ఆటర్, లెవీ, మర్నేన్ అనేవాళ్ళు పనిని ముక్కలు చేసి చూశారు. ముందే నియమం రాసిపెట్టగలిగిన పని, అంటే కూడడం, నకలు తీయడం, వరసలో పెట్టడం, ఇవి మెషిన్‌కి పోతాయి. ఎదుటి మనిషిని ఒప్పించడం, నియమం లేని చోట నిర్ణయం తీసుకోవడం, ఇవి చేసేవాడికి మెషిన్ తోడవుతుంది. ఉద్యోగం మొత్తంగా పోవడం తక్కువ, అందులోంచి కొన్ని పనులు జారిపోవడం ఎక్కువ. అమెరికాలో ఏటీఎంలు వచ్చాక బ్యాంకుల్లో కేషియర్లు అయిపోయారనుకున్నారు. బ్రాంచికి కావలసిన కేషియర్లు నిజంగానే తగ్గారు, కానీ బ్రాంచి నడపడం చవకైంది కాబట్టి బ్యాంకులు కొత్త బ్రాంచిలు తెరిచాయి, మొత్తం మీద కేషియర్ల సంఖ్య చాలా ఏళ్ళు పడిపోలేదు. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ బ్రాంచిలు తెరవడం వాళ్ళ లాభం కోసం, ఉద్యోగాల కోసం కాదు. మీ ఆఫీసులో తపాలు ఆన్‌లైన్ అయితే ఇంకో ఆఫీసు తెరవరు. కాబట్టి ఐదుగురిలో ఇద్దరు చాలన్న మాట నిజమయ్యే అవకాశం ఉంది, ఊరడింపు కోసం లేదని చెప్పలేను.

పాత లెడ్జర్ గారిని ఒకటి అడగాలి. మీ కౌంటర్లో తగ్గిన పని ఎక్కడికి పోయింది? అంతా మెషినే మింగిందా?

---

పాత_లెడ్జర్

మంచి ప్రశ్న మాస్టారూ. కొంత మెషిన్‌కి, కొంత ఖాతాదారుకి, కొంత బ్యాంక్ మిత్రకి.

ఖాతాదారుకి ఎలాగంటే, ఇప్పుడు నెఫ్ట్ ఫోన్లో వాళ్ళే కొట్టుకుంటున్నారు, పాస్‌బుక్ కియోస్క్‌లో వాళ్ళే వేసుకుంటున్నారు. అంటే నేను జీతం తీసుకుని చేసిన పని ఇప్పుడు జనం ఉచితంగా చేస్తున్నారు. ఇక పల్లెల్లో పింఛను, ఉపాధి హామీ డబ్బు వేలిముద్ర వేసి తీసుకునేది బ్యాంక్ మిత్ర దగ్గర. మా మేనకోడలి కొడుకు అదే చేస్తాడు, ఒక చిన్న గది, ల్యాప్‌టాప్, వేలిముద్ర యంత్రం, ఇన్వర్టరు, అద్దె అన్నీ అతనివే, లావాదేవీకి ఇంత అని కమిషన్. సర్వరు డౌన్ అయితే ఆ రోజు ఆదాయం లేదు, తిట్లు మాత్రం ఉంటాయి. ముసలమ్మల వేళ్ళు అరిగిపోయి ముద్ర పడదు, తడి గుడ్డతో తుడిచి, నిమ్మకాయ రుద్దించి, ఐదో వేలు పెట్టించి, అరగంట కుస్తీ పడితే ఒక్క లావాదేవీ. కౌంటర్లో నేను చేసిన పని కంటే ఇది తేలికేమీ కాదు. నాకు స్కేలు, పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్ అన్నీ ఉన్నాయి. అతనికి బ్యాంకు పేరున్న బోర్డు ఉంది.

బాబూ ఆపరేటరూ, నీ పరీక్ష సంగతి. క్లర్కు ఉద్యోగం ఇంకా మంచిదే. 2024 మార్చిలో జరిగిన ఒప్పందంలో క్లర్కు మొదటి బేసిక్ 24,050 అయింది, 2022 నవంబరు నుంచి లెక్క. పేరు కూడా మార్చారు, ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అట. వయసు 28 దాకా జనరల్‌కి, బీసీలకి మూడేళ్ళు, ఎస్సీ, ఎస్టీలకి ఐదేళ్ళు సడలింపు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, పని మా కాలంలా ఉండదు. లెక్కలు మెషిన్ చూసుకుంటుంది, నిన్ను ఇన్సూరెన్సు అమ్మమంటారు, క్రెడిట్ కార్డు అమ్మమంటారు, టార్గెట్ అంటారు. నోరు లేకపోతే కష్టం.

---

బెజవాడ_అకౌంటెంట్

ట్యాలీ, జీఎస్టీ గురించి అడిగావు కాబట్టి నేను దిగాలి. విజయవాడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో మొదలుపెట్టి ఇప్పుడు సొంతంగా నాలుగైదు షాపుల లెక్కలు చూస్తున్నాను.

సూటిగా చెప్తా బ్రదర్, "ట్యాలీ వచ్చు" అనేదానికి ఇప్పుడు మార్కెట్లో విలువ లేదు. కోచింగ్ సెంటర్లు మూడు నెలల్లో నేర్పించి వదులుతున్నాయి, వీధికి పది మంది. ఎంట్రీలు కొట్టేవాడికి వన్‌టౌన్లో ఇస్తున్నది నీకిప్పుడు వచ్చేదానికంటే తక్కువే ఉంటుంది, పీఎఫ్ మాట ఎత్తితే రేపటి నుంచి రావద్దంటారు. పైగా ఆ ఎంట్రీలు కూడా తగ్గుతున్నాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు మాకు పండగే, ప్రతి షాపుకీ మనిషి కావాలి, రిటర్నులు వేసేవాడు దేవుడు. ఆ తర్వాత ఈ-ఇన్వాయిస్ వచ్చింది, మొదట ఐదు వందల కోట్ల టర్నోవర్ పైవాళ్ళకి, అలా దించుకుంటూ 2023 ఆగస్టుకి ఐదు కోట్లకి తెచ్చారు. అంటే అమ్మేవాడు బిల్లు కొట్టగానే అది పోర్టల్లోకి పోతుంది, కొన్నవాడి 2బీలో, అంటే పోర్టల్ చూపించే అతని కొనుగోళ్ళ లెక్కలో, అదే కనిపిస్తుంది. చేత్తో కొట్టే అవసరం ఎక్కడుంది?

మరి డబ్బు ఎక్కడుందంటే, కలవని చోట ఉంది. నిన్నటి సంగతే చెప్తా. ఒక ఐరన్ షాపు ఆయనకి డిపార్టుమెంటు నుంచి నోటీసు, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే క్రెడిట్ ఎక్కువ వాడుకున్నావని. నేను కొనుగోళ్ళ రిజిస్టరు, 2బీ పక్కపక్కన పెట్టి చూస్తే, సరుకు పంపినవాడు బిల్లు వేరే జీఎస్టీ నంబరు మీద అప్‌లోడ్ చేశాడు, ఈయన తమ్ముడి షాపు నంబరు మీద, ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు మరి. మెషిన్ తేడా ఉందని మాత్రమే చెప్పింది. ఎవరికి ఫోన్ చేయాలి, ఏం అడగాలి, ఆ సరఫరాదారుడు కోప్పడకుండా సవరణ ఎలా వేయించాలి, ఆఫీసరుకి జవాబు ఏ కాగితాలు జతచేసి రాయాలి, ఇదంతా నా పని. దానికి షాపాయన ఇచ్చింది ఎంట్రీలు కొట్టే కుర్రాడి నెల జీతంలో సగం, ఒక్క నోటీసుకి. కుర్రాడు అదే గదిలో, అదే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని ఉన్నాడు.

కాబట్టి నేర్చుకుంటే రిటర్ను నింపడం దగ్గర ఆగొద్దు. ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గరో సీఏ దగ్గరో రెండేళ్ళు తక్కువ జీతానికైనా కూర్చో, నోటీసులు, జవాబులు, అసెస్‌మెంట్లు చూడు. రిటర్నుల గడువులు పదకొండో తారీఖు, ఇరవయ్యో తారీఖు వస్తే నిద్ర ఉండదు, సిద్ధపడు.

---

ఆపరేటర్_కరీంనగర్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. టైపు హయ్యర్ అక్కా, మీరు రాసిన కుర్చీ మాట చదివాక మా ఆఫీసులో పాత స్టాఫ్ లిస్టు తీసి చూశాను, నిజంగానే మంజూరైన టైపిస్టు పోస్టులు రెండు ఉన్నాయి, రెండూ ఖాళీ! నేను ఆ ఖాళీ ముందు కూర్చున్నా కాబట్టి నన్ను అందులోకి తీసుకొమ్మని అడగొచ్చా?

---

టైపు_హయ్యర్

అడగొచ్చు గానీ ఇస్తారని ఆశ పెట్టుకోకు. సర్కారు పోస్టు అంటే నోటిఫికేషన్, పరీక్ష, రిజర్వేషన్ల రోస్టరు ఉంటాయి, ఎన్నాళ్ళు పనిచేసినా ఆ సర్వీసు దానంతటదే స్కేలు తెచ్చిపెట్టదు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళని చూశాను. గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్, టైపిస్టు పోస్టులు వస్తుంటాయి, టైపు లోయర్, హయ్యర్ సర్టిఫికెట్లు బోర్డు పరీక్ష రాసి తెచ్చుకున్నావా, లేక ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని వదిలేశావా? పరీక్ష రాయకపోతే ముందు ఆ పని చెయ్, టైపిస్టు పోస్టుకి అది ఉండి తీరాలి.

ఇంకోటి, అందరికంటే ముందు చెప్పాల్సింది. ఆ పాస్‌వర్డుల చీటీ ఈ రోజే చింపెయ్. వాళ్ళ లాగిన్‌లో నువ్వు చేసిన పని రికార్డులో వాళ్ళ పేరు మీదే ఉంటుంది, నువ్వు ఇంత చేశావని చూపించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. అదే ఒక బిల్లు తేడా వచ్చి ఎంక్వైరీ పడిందనుకో, "ఆపరేటరు చేశాడు సార్" అనే మాట మొదటి నిమిషంలోనే వస్తుంది. నీ పేరుతో లాగిన్ ఇమ్మని సూపరింటెండెంట్ గారికి కాగితం మీద రాసివ్వు, ఇవ్వకపోయినా నువ్వు అడిగినట్టు తపాల్లో నంబరు పడుతుంది. ఆ తపాలు స్కాన్ చేసేది నువ్వే కదా.

---

బెజవాడ_అకౌంటెంట్

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు. దాంతోపాటు ఈపీఎఫ్ పాస్‌బుక్ ఒకసారి తెరిచి చూడు, యూఏఎన్ అనే నీ పీఎఫ్ నంబరుతో. జీతంలోంచి కోస్తున్నారన్నావు, కట్టారా లేదా నెల నెలా కనిపిస్తుంది. చాలామంది కోత చూస్తారు, జమ చూడరు.

---

ఆపరేటర్_కరీంనగర్

ఇప్పుడే చూశాను అన్నా. గత ఐదు నెలలది జమ కాలేదు. జీతం స్లిప్పులో మాత్రం ప్రతి నెలా కోసినట్టు ఉంది. మిగతా నలుగురివి కూడా అడిగి చూడమన్నాను, వాళ్ళవీ అంతే. ఏజెన్సీకి ఫోన్ చేస్తే డిపార్టుమెంటు నుంచి బిల్లు రాలేదంటున్నారు.

---

బెజవాడ_అకౌంటెంట్

బిల్లు రాకపోవడం వాళ్ళ తలనొప్పి, నీ జీతంలోంచి కోసిన డబ్బు కట్టకపోవడానికి అది కారణం కాదు. ఏజెన్సీ కట్టకపోతే పని చేయించుకుంటున్న ఆఫీసు కూడా బాధ్యత వహించాలి, కాబట్టి కాగితం ఇద్దరికీ పెట్టండి. ఐదుగురూ కలిసి, ఒక్కొక్కరూ విడిగా కాదు. స్లిప్పులు, పాస్‌బుక్ ప్రింటు జతచేసి ఈపీఎఫ్‌వో ఫిర్యాదుల పోర్టల్లో కూడా వెయ్యండి, రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది, అది దాచుకోండి.

---

పాత_లెడ్జర్

ఆ కాగితం మీద ఐదు సంతకాలూ ఒకే రోజు పడాలి బాబూ. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అంటే ఒకరు జారుకుంటారు. యూనియన్లో ముప్ఫై ఏళ్ళు చూసి చెప్తున్నా. డ్రాఫ్టు రాసి ఇక్కడ పెట్టు, పేర్లు తీసేసి, నేను దిద్దుతాను.